బెంటన్‌విల్ కొండ బాటలు: ఉచితంగా దొరికినవి, డబ్బు పోసి కొన్నవి

ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కు కొండ సైకిళ్ళు తొక్కడానికి వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళు ఒక మాట విని వెళ్ళండి. అక్కడి బాటలకు ఒక్క సెంటు కట్టనక్కరలేదు. అంత శ్రద్ధగా వేసిన బాటలు నేనింకెక్కడా తొక్కలేదు. సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు మాత్రం కాగితం మీద సంతకం పెట్టకముందే వంగి బ్రేకు ప్యాడ్లు చూడండి. ఒక అద్దె దుకాణంవాళ్ళు మా దగ్గర 164 డాలర్లు అన్యాయంగా లాగారు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

అక్టోబరు చివర్లో డాలస్ నుంచి బయలుదేరాం. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ళ అమ్మాయి, ఎం.ఎస్. చదవడానికి వచ్చిన మా బావమరిది. ఓక్లహోమా మీదుగా కారులో ఆరు గంటలు, పెట్రోలుకు 41 డాలర్లు. హోటల్ గది రాత్రికి 118 డాలర్లు, శుభ్రంగా ఉంది, సైకిళ్ళు లోపల పెట్టుకోనిచ్చారు. బస గురించి అంతకుమించి చెప్పవలసింది లేదు.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది కాబట్టి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన మనవాళ్ళు చాలామంది. ఆ సంస్థను స్థాపించిన శామ్ వాల్టన్ మనవలు టామ్, స్టూఅర్ట్ ఇద్దరికీ సైకిళ్ళ పిచ్చి. కుటుంబ ఫౌండేషన్ డబ్బుతో ఈ ప్రాంతమంతా బాటలు వేయించారు. 2016లో అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం తన ప్రపంచ సదస్సును ఇక్కడే జరిపింది. ఊరు తనను తాను ప్రపంచ కొండ సైకిల్ రాజధాని అని పిలుచుకుంటోంది. ఆ మాట అతిశయోక్తి అని వెళ్ళేముందు అనుకున్నాను, తొక్కాక నాకు అలా అనిపించలేదు. ఊరి నడిబొడ్డు నుంచి కాస్త దూరం తొక్కితే చాలు, స్లాటర్ పెన్ బాటల్లో ఉంటాం. క్రిస్టల్ బ్రిడ్జెస్ కళా ప్రదర్శనశాల ఆ పక్కనే. 2011లో తెరిచారు, సాధారణ ప్రవేశం ఉచితం. మా ఆవిడ శుక్రవారమంతా అక్కడే గడిపింది, హాయిగా ఉందని చెప్పింది.

మేము ముగ్గురం ఆ ఉదయం సైకిళ్ళు తీసుకున్నాం. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నవి రెండు, ఒక్కోటి రోజుకు 95 డాలర్లు. అమ్మాయికి చిన్నది 45. ఏదైనా పాడైతే డబ్బు అడగం అనే హామీకి సైకిల్‌కు రోజుకు 12 డాలర్లు అదనం. శుక్ర, శనివారాలకు పన్నుతో కలిపి 593 డాలర్ల 49 సెంట్లు. ఇంత తీసుకునే దుకాణం మా బరువు ఎంత అని కూడా అడగలేదు. అడగడం ఎందుకంటే, సైకిల్ మీద కూర్చున్నప్పుడు సస్పెన్షన్ తన నిడివిలో 25 నుంచి 30 శాతం వరకు కిందికి దిగేలా గాలి పీడనం సరిచేయాలి. 60 కిలోల మనిషికి సరిపోయే గాలి 85 కిలోల మనిషికి సరిపోదు. టైర్లు రాయిలా బిగిసి ఉన్నాయి. గాలి తగ్గించమంటే కౌంటర్‌లో కుర్రాడు ముఖం చిట్లించాడు.

స్లాటర్ పెన్‌లో పొద్దున బాగా గడిచింది. ఆకుపచ్చ వలయం ఉంటే సులువు, నీలం చతురస్రం ఉంటే మధ్యస్థం, నల్ల వజ్రం ఉంటే కష్టం అని ప్రతి మలుపు దగ్గరా గుర్తులున్నాయి. అమ్మాయి ఒక్కతే గుర్తులు చూసుకుంటూ ముందు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కోలర్ అనే ఇంకో బాటల చోటికి వెళ్ళాం. ఇక్కడ గుట్ట మీద ఇనుము, కలపతో కట్టిన ఎత్తయిన వేదిక ఉంది. దానిమీద నిలబడి ఏ బాట కావాలో ఎంచుకుని అక్కడినుంచే జారుకుంటూ దిగాలి. కింద అడవి మధ్యలో ఒక కాఫీ హోటల్. అక్కడికి కారు వెళ్ళదు, నడిచి గానీ సైకిల్ మీద గానీ వెళ్ళాల్సిందే. కాఫీ అయిదున్నర డాలర్లు. నేను మామూలుగా అంత పెట్టను, అక్కడ మాత్రం రెండోది కూడా తాగాను.

మూడోసారి దిగుతుండగా వెనకనుంచి బావమరిది అరిచాడు, "బావా, ఇది ఆగడం లేదు!" పొద్దున్నుంచీ అతని వెనక బ్రేకు కీచుమంటూనే ఉంది. ఇప్పుడు లివర్ నొక్కితే హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోంది, ఇనుము ఇనుమును గీరుతున్న చప్పుడు. ఒక మట్టి వాలును అడ్డం పెట్టుకుని ఎలాగో ఆగాడు. పక్కన చెట్లు. ఆ నిమిషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అమ్మాయి "మామయ్యా, దెబ్బ తగిలిందా" అని ఏడుపు మొహం పెట్టింది. అతను పైకి నవ్వాడు గానీ ఆ తరువాత మాట్లాడలేదు.

సాయంత్రం దుకాణానికి తీసుకెళ్తే కుర్రాడు రోటార్‌ను, అంటే చక్రంతో తిరుగుతూ ప్యాడ్లు నొక్కే ఇనుప బిళ్ళను, స్పిరిట్ గుడ్డతో తుడిచాడు. "తేమ ఉంటే డిస్క్ బ్రేకులన్నీ ఇలాగే అరుస్తాయి, రేపటికి సర్దుకుంటుంది" అన్నాడు. ప్యాడ్లు బయటికి తీసి చూడనేలేదు. వేరే సైకిల్ ఇవ్వమంటే అన్నీ బుక్ అయిపోయాయన్నాడు. నాకు కోపం వచ్చినది బ్రేకు పాడైనందుకు కాదు, పాడైందని చెప్పినా చూడనందుకు.

శనివారం పొద్దున బాట పనికి, అంటే బాటలు చెక్కి బాగుచేసే పనికి, ముందే పేర్లిచ్చి ఉన్నాం. డబ్బు ఫౌండేషన్‌దైనా, చాలాచోట్ల బాటలు నిలబడేది ఓజార్క్ ఆఫ్ రోడ్ సైక్లిస్ట్స్ వంటి స్వచ్ఛంద సంఘాల చేతుల మీదనే. మేము చేరినది పక్క ఊరు బెల్లా విస్టా వైపు ఒక చిన్న బృందంలో. ఎనిమిదిన్నరకు పాతికమంది చేరారు. గురువారం రాత్రి వాన పడి మట్టి మెత్తగా ఉంది. తవ్వకానికి ఇలాంటి నేలే కావాలట, ఎండిన మట్టి కుదించినా గట్టిపడదు.

పనిముట్లు చూసి మా అమ్మాయి మురిసిపోయింది. మెక్‌లౌడ్ అనేదానికి ఒకవైపు వెడల్పాటి పార, రెండోవైపు పెద్ద పళ్ళు. పులాస్కీకి ఒకవైపు గొడ్డలి, రెండోవైపు బాడిస. రెండూ అడవిలో మంటలార్పే వాళ్ళ పనిముట్లే. ఎడ్ పులాస్కీ అనే అటవీ అధికారి 1910లో ఐడహో అడవులు తగలబడినప్పుడు తన మనుషులను గని సొరంగంలోకి తీసుకెళ్ళి వాళ్ళలో చాలామందిని బతికించాడు. పనిని నడిపించిన తెల్లజుట్టు పెద్దావిడ అమ్మాయి చేతికి పులాస్కీ ఇస్తూ ఈ కథ చెప్పింది.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ అంత తేలిగ్గా అర్థం కాదు. బాటకు శత్రువు సైకిల్ కాదు, నీరు. కొండ వాలు 30 శాతం ఉంటే దానిమీద అడ్డంగా వెళ్ళే బాట ఏటవాలు అందులో సగం, అంటే 15 శాతం దాటకూడదు. దాటితే నీరు వాలును వదిలి బాట వెంబడే పరుగెత్తి దాన్ని కాలువ చేసేస్తుంది. మొత్తం మీద సగటు 10 శాతానికి మించకుండా చూసుకుంటారు. బాటను మట్టి పోసి కట్టరు, కొండను లోపలికి కోసి గట్టి నేల మీద వేస్తారు. పై వైపు గట్టును ఏటవాలుగా చెక్కుతారు. బయటి అంచు అయిదు శాతం కిందికి వాలి ఉండాలి, అప్పుడు నీరు అడ్డంగా దాటి పోతుంది. దిగే బాటను అక్కడక్కడ కాస్త పైకి ఎక్కించి మళ్ళీ దించుతారు. తొక్కేవాడికి అది సరదా, నీటికి అది తలుపు. రాలిన ఆకులు, కుళ్ళిన వేళ్ళు ముందు పూర్తిగా గీకెయ్యాలి. అవి మట్టి కింద ఉండిపోతే కుళ్ళి, పైన నేల కుంగుతుంది. మా వంతుకు ముప్ఫై అడుగుల ముక్క వచ్చింది. తేమ నేలలో నిక్కచ్చిగా వాలు కుదిరేసరికి పన్నెండయింది. ముప్ఫై అడుగులే! ముందురోజు మేము కళ్ళు మూసి తెరిచేలోగా దాటేసిన మైళ్ళన్నీ ఇలా ఒక్కొక్క అడుగూ చెక్కినవే.

విరామంలో బావమరిది తన బ్రేకు గోడు చెప్పుకుంటే ఒక పెద్దాయన లేచి వచ్చాడు. లారీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడట. సైకిల్‌ను కారు నుంచి దింపించి, చక్రం ఊడదీసి, రెండు నిమిషాల్లో ప్యాడ్లు బయటికి తీశాడు. రాపిడి పదార్థం ఇసుమంత కూడా లేదు. అర మిల్లీమీటరు మిగిలినప్పుడే మార్చేయాలి, వీటికైతే వెనక ఇనుప పలక కూడా అరిగింది. రోటార్ మీద వేలు పెడితే గీతలు తగిలాయి. "ఇది ఒక రోజులో జరిగేది కాదు, వారాల నుంచి ఇలాగే అద్దెకిస్తున్నారు" అన్నాడు. నేను ఫొటోలు తీశాను. ఆయన తన పెట్టెలోంచి అదే రకం కొత్త ప్యాడ్ల జత తీసి వేశాడు. వేగంగా తొక్కి, చక్రం బిగుసుకుపోకుండా మెల్లగా బ్రేకు పట్టి, అలా ఇరవైసార్లు చేయమన్నాడు. కొత్త ప్యాడ్లు రోటార్‌కు అలవాటు పడేది అలాగే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పాత ప్యాడ్లను ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి నా చేతిలో పెట్టి "ఇవి పారేయకండి" అన్నాడు.

మధ్యాహ్నం తలా ఒకటి తెచ్చుకుని పంచుకునే భోజనం. ముందురోజు రాత్రి ఒక హోటల్‌లో 72 డాలర్లు పెట్టి చప్పిడి కూరలు తిన్నప్పటినుంచి మా ఆవిడ మూతి ముడుచుకునే ఉంది, పనికి కూడా బలవంతాన వచ్చింది. అక్కడ శాండ్‌విచ్‌ల మధ్య పెద్ద స్టీలు డబ్బాలో పులిహోర! ఇంగువ వాసన ముందు తగిలింది. తెచ్చినావిడది గుంటూరు, భర్తకు ఇక్కడ ఉద్యోగం, అయిదేళ్ళుగా బాట పనికి వస్తోందట. చింతపండు పులుసు చిక్కగా ఉడికించి, పల్లీలు కరకరలాడేలా వేయించి, ఎండుమిర్చికి ఏమాత్రం వెనుకాడకుండా చేసింది. లారీ మెకానిక్ పెద్దాయన మిరపకాయ కూడా వదలకుండా తిని మళ్ళీ పెట్టించుకున్నాడు. "ఇంకొంచెం పెట్టుకో అమ్మా, సిగ్గుపడకు" అని ఆవిడ మా ఆవిడ పళ్ళెం నింపింది. పది నిమిషాల్లో ఇద్దరూ వాళ్ళ వాళ్ళ మేనత్తల ఊళ్ళదాకా వెళ్ళిపోయారు. ఆ యాత్రలో అన్నిటికన్నా మంచి భోజనం అదే.

ఆ సాయంత్రం బ్యాక్ 40 బాటలో తొక్కాం. 2016లో తెరిచిన ఇది దాదాపు 40 మైళ్ళు, ఇళ్ళ మధ్య అడవుల్లో, వాగుల పైని రాతి అంచుల మీదుగా వెళ్తుంది. అంతా తొక్కాలంటే బలం కావాలి, ఒక ముక్క తొక్కి వెనక్కి వచ్చాం. బ్రేకు చప్పుడు చేయలేదు. బావమరిదికి మాట తిరిగి వచ్చింది.

సైకిళ్ళు అప్పగించినప్పుడు కౌంటర్‌లో వేరే మనిషి. రోటార్ చూసి బిల్లు కొట్టాడు: రోటార్ 62, ప్యాడ్లు 32, కూలి 70, మొత్తం 164 డాలర్లు. ప్యాడ్లు కొత్తవే ఉన్నాయి కదా అంటే, అవి మా సరుకు కాదు, మార్చాల్సిందే అన్నాడు. రోజుకు 12 డాలర్ల హామీ ఏమైందంటే, అరిగే భాగాలకు వర్తించదన్నాడు. అరిగినవి అరిగినట్టే అద్దెకిచ్చి, ఆ అరుగుదల ఖర్చును చివరగా తొక్కినవాడి నెత్తిన వేస్తున్నారు. కాగితం మీద సంతకం చూపించి ముందే ఇచ్చిన కార్డు నుంచి లాగేశారు. ఇంటికి రాగానే ఫొటోలు, ప్యాడ్ల చిత్రం, శుక్రవారం సాయంత్రం ఫిర్యాదు చేసిన సమయం జత చేసి కార్డు సంస్థకు రాశాను. నెల దాటకముందే 164 డాలర్లూ వెనక్కి వచ్చాయి. దుకాణానికి రాసిన ఉత్తరానికి మాత్రం జవాబు లేదు.

వెళ్ళేవాళ్ళు దుకాణంలోనే లివర్ గట్టిగా నొక్కి చూడండి, హ్యాండిల్‌కు దగ్గరగా వస్తే ఆ సైకిల్ తీసుకోవద్దు. టార్చి వేసి ప్యాడ్ల మందం చూడండి, గొలుసు అరుగుదల కొలిచే పరికరం పెట్టి చూపమనండి. బరువు అడగని దుకాణం నుంచి బయటికి వచ్చేయండి. సొంత సైకిల్ ఉంటే కారు వెనక కట్టుకుని వెళ్ళడమే నయం, అదే మోడల్‌కు సరిపోయే ప్యాడ్ల జత ఒకటి సంచిలో వేసుకోండి. బాట పనికి ఒక పూట తప్పకుండా కేటాయించండి. పనిముట్లు వాళ్ళే ఇస్తారు, కాలివేళ్ళు కప్పే బూట్లు, చేతి తొడుగులు, నీళ్ళు మీరు తెచ్చుకోవాలి. చలికాలంలో వెళ్తే రాత్రి గడ్డకట్టిన నేల పగటి ఎండకు కరిగి బురదయ్యే వేళ మట్టి బాటల మీదికి వెళ్ళవద్దు, ఆ చక్రాల గాడిని పూడ్చడానికి మళ్ళీ పాతికమంది రావాలి. పొద్దున్నే నేల గట్టిగా ఉండగానే తొక్కేసి, మధ్యాహ్నం తారు పరిచిన రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే మీదికి వెళ్ళండి.