వదిన లిప్‌స్టిక్కా, షాపులో టెస్టరా, సెకండ్‌హ్యాండా: ఏది మేలు?

విజయనగరంలో పెళ్లిళ్ల రోజుల్లో ఒకే గదిలో పది మంది ఆడపిల్లలు తయారవుతుంటారు, లిప్‌స్టిక్‌లు మాత్రం రెండో మూడో ఉంటాయి. "వదినా, ఓపాలి ఇయ్యి" అంటే కాదనేవాళ్లు ఉండరు. ఎవరికైనా పెదవి అంచున చిన్న పొక్కులుంటే "వేడి చేసిందిలే" అని సర్దుకుంటారు. చాలాసార్లు అది వేడి కాదు, హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో 64 శాతం మందిలో దాని మొదటి రకం ఉంది. ఒకసారి చేరితే జీవితాంతం నరాల్లో ఉండిపోతుంది, పొక్కులు లేనప్పుడు కూడా అప్పుడప్పుడు లాలాజలంలోకి వస్తుంది. అందుకే మూతి చూసి నమ్మకూడదు.

ఈ వైరస్ ఎక్కువగా నేరుగా తాకితేనే అంటుకుంటుంది. వస్తువు మీద ఎక్కువ కాలం బతకదు. ఆ లెక్కన నెలల కిందట వాడి అమ్ముతున్న లిప్‌స్టిక్ కన్నా, వదిన ఇప్పుడే రాసుకుని ఇచ్చినదే ఈ విషయంలో ఎక్కువ ప్రమాదం. అలాగని సెకండ్‌హ్యాండ్ మేలని కాదు. మూత తీసి ఎన్నాళ్లయిందో, ఏ ఎండలో పెట్టారో మనకి తెలీదు. బాక్టీరియా, ఫంగస్ అందులో మిగిలి ఉండొచ్చు. పెదవి పగిలి ఉంటే అవి లోపలికి పోవడం తేలిక. పైపొర గీకేసి స్పిరిట్‌తో తుడిస్తే కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా శుభ్రపడదు. మైనం, నూనెలతో చేసిన లిప్‌స్టిక్ కడ్డీలో నీళ్లు దాదాపు ఉండవు, క్రిములు అంతగా పెరగవు కాబట్టి అది కాస్త నయం. లిప్‌గ్లాస్‌ పుల్ల పెదవికి తాకి మళ్లీ సీసాలోకే పోతుంది, దాన్ని శుభ్రం చేసే దారే లేదు. వాడిన లిప్‌గ్లాస్ మాత్రం కొనకండి, పంచుకోకండి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వైపు షాపుల్లోనైనా, ఇంకెక్కడైనా, రంగు చూసుకోమని పెట్టే టెస్టర్‌ని పెదవికి పెట్టొద్దు. మీకు ముందు ఎవరు రాసుకున్నారో ఎవరికీ తెలీదు. మణికట్టు మీద గీసుకుంటే రంగు తెలిసిపోతుంది.

నన్నడిగితే చిన్నదైనా సొంతదే కొనుక్కోవడం మేలు. పెళ్లికూతురికి మాత్రం బ్యూటీషియన్ కిట్టే దిక్కు. కడ్డీ నేరుగా పూయకుండా, శుభ్రమైన గరిటెపుల్లతో గీకి ప్లేటు మీద వేసి, కొత్త బ్రష్‌తో రాయమని అడగండి. మొహమాటం వద్దు.

ఇంట్లో పసిబిడ్డ ఉంటే మరీ జాగ్రత్త. నెలలోపు బిడ్డకి ఈ వైరస్ ప్రాణాంతకం కావచ్చు, పొక్కులున్నవాళ్లు ముద్దు పెట్టకూడదు. పెదవి చురుక్కుమని మొదలవగానే డాక్టర్‌ని అడిగి ఎసైక్లోవిర్ లాంటి మందు వాడితే తొందరగా తగ్గొచ్చు. ఆ రోజుల్లో వాడిన లిప్‌స్టిక్ ఎంత ఖరీదైనదైనా పారేయండి.