స్టీలు కంచమా, అడ్డాకు విస్తరా, చెరకు పిప్పి ప్లేటా: భోజనాలకు ఏది మేలు?

ఒక పేపర్ ప్లేటును రాత్రంతా నీళ్లలో వేసి ఉంచండి. పొద్దున్నకి కాగితం మెత్తబడి గుజ్జవుతుంది. అంచు దగ్గర గోరుతో గీకితే పల్చటి పొర ఒకటి ఊడి వస్తుంది. లాగితే సాగుతుంది కానీ తొందరగా తెగదు. అది ప్లాస్టిక్. మా ఇంటి పెరట్లో బకెట్ ముందు కూర్చుని ఆ పొరను మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజే మా క్యాటరింగ్‌లో పేపర్ ప్లేట్లు మానేశాను.

మాది విశాఖపట్నంలో చిన్న క్యాటరింగ్. గృహప్రవేశాలు, నామకరణాలు, ఒడుగులు, వంద నుంచి మూడు వందల మంది వరకు భోజనాలు. ఉద్యోగం వదిలి ఈ పనిలోకి వచ్చినప్పుడే ఒకటి అనుకున్నాను: మనం వడ్డించిన భోజనం వల్ల ఊరికి చెత్త మిగలకూడదు. అనుకోవడం తేలికే. అసలు ఏ ప్లేటులో వడ్డించాలన్నది తేల్చుకోవడానికే రెండేళ్లు పట్టింది.

2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు నిషేధం. పూత వేసిన పేపర్ ప్లేటు మాత్రం ఆ జాబితాలో లేదు. దాంతో అందరూ అటు మళ్లారు. వెండిలా మెరిసే సిల్వర్ ప్లేట్లదీ అదే కథ, మెరిసేది అట్ట మీద అతికించిన ప్లాస్టిక్ పొరే. పేపర్ కప్పుల మీద ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో ఒక పరిశోధన చేశారు. 100 మి.లీ. వేడి ద్రవం 15 నిమిషాలు కప్పులో ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో కలిశాయి. అంటే పొయ్యి మీంచి దించిన సాంబారును అలాంటి పూత మీదే పోస్తున్నాం. అందుకే పేపర్ ప్లేటును ఈ పోలికలోకే తీసుకోవడం లేదు. మిగిలినవి స్టీలు, ఆకు, చెరకు పిప్పి.

స్టీలు గురించి నాకు మొదట్లో ఏ అనుమానమూ లేదు. కొననక్కర్లేదు, సప్లై కంపెనీలో అద్దెకు దొరుకుతాయి. ఒక్కో కంచం ఏళ్ల తరబడి వందల పెళ్లిళ్లు తిరుగుతుంది కాబట్టి, దాని తయారీకి అయిన ఇనుము, కరెంటు భారం అన్ని భోజనాల మీదా సర్దుకుపోతుంది. సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీల్ బ్యాంకులు పెట్టి, శుభకార్యాలకు కంచాలు, గ్లాసులు ఇస్తున్నారు. ఇలాంటివి ప్రతి ఊళ్లోనూ ఉండాలని నా కోరిక.

కానీ ఒక గృహప్రవేశంలో నా నమ్మకం కదిలింది. రెండు వందల మంది భోజనం. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడు. వంట సామాను లెక్క చూసుకుంటూ ఇంటి వెనక్కి వెళ్లాను. అక్కడ నీడ లేదు. అంట్లు తోమే పిన్ని గొంతుక్కూచుని, ఎడమ పక్క గుట్టగా ఉన్న కంచాల్లోంచి ఒక్కొక్కటే లాగి, ఎంగిలి దులిపి, పీచుతో రుద్ది, ముందు ఒక గంగాళంలో, తర్వాత ఇంకో గంగాళంలో ముంచి, కుడి పక్క పెడుతోంది. పప్పు ఎండిపోయి అంచులకు పట్టేసింది. "నడుం పట్టేసింది బాబూ, ఇంకా గ్లాసులు ఉన్నాయి" అంది, తల ఎత్తకుండా. మూడు డ్రముల నీళ్లు అయిపోయాయి. డ్రమ్ముకు రెండు వందల లీటర్లు చొప్పున మనిషికి మూడు లీటర్లు. ఆ వీధికి నీళ్లు వచ్చేది ట్యాంకర్‌తో.

ఆ రోజు ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. చెత్త లేని విందు అని నేను చెప్పుకుంటున్నది నిజమే. అయితే ఆ చెత్త లేకుండా చేసిన బరువంతా ఒక మనిషి నడుం మీద పడింది. ఆమెకు నేనిచ్చిన కూలి మాత్రం కంచాలు లేని రోజుల్లో వంట గిన్నెలు తోమినందుకు ఇచ్చే కూలే. ఇది న్యాయం కాదు. అప్పటి నుంచి ఏ ప్లేటునైనా రెండు ప్రశ్నలతో చూస్తున్నాను: తిన్నాక అది ఎక్కడికి పోతుంది? దాని కష్టం ఎవరు మోస్తున్నారు?

ఇక ఆకు. అడ్డాకు మన మన్యంలో పెరిగే పెద్ద తీగ ఆకు, చూడటానికి దేవకాంచనం ఆకులా రెండుగా చీలి ఉంటుంది. పాడేరు, అరకు వైపు గిరిజన మహిళలు కోసుకొచ్చి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో కుడతారు. తెలంగాణలో ఈ పని మోదుగాకు చేస్తుంది. కుట్టిన విస్తరిలో పప్పన్నం, దప్పళం హాయిగా తినొచ్చు. వేడి అన్నం పడగానే వచ్చే ఆ ఆకు వాసన నాకు మా అమ్మమ్మ ఊరి భోజనాలను గుర్తు చేస్తుంది. ఇబ్బందల్లా బఫేతోనే. నిలబడి చేత్తో పట్టుకుంటే విస్తరి వంగుతుంది, పులుసు కారుతుంది. అది కింద కూర్చున్న బంతికో, టేబుల్ మీద వేసే భోజనానికో పుట్టింది.

బఫే కోసమని మిషన్ మీద అచ్చు వేసిన అడ్డాకు ప్లేట్లు వస్తున్నాయి. కొనేవాళ్లు దయచేసి ఒకటి చింపి చూడండి. పైన ఆకు, కింద అట్ట, చాలా వాటిలో మధ్యన మళ్లీ ఆ ప్లాస్టిక్ పొరే ఉంటుంది. నేను ఒక లోడు మొత్తం ఇలాగే మోసపోయి తీసుకున్నాను. పైకి పచ్చగా కనిపిస్తూ లోపల ప్లాస్టిక్ ఉన్నది పేపర్ ప్లేటు కంటే అన్యాయం, ఎందుకంటే మంచి చేస్తున్నామనే నమ్మకంతో కొంటాం.

ఆకుకైనా తిన్నాక దారి చూపించాలి. కవర్లో మూట కట్టి కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు పంపితే, గాలి ఆడని గుట్ట కింద కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అవుతుంది. ఆకు అయినంత మాత్రాన దానంతటదే మాయమైపోదు. మేము ఇప్పుడు విస్తళ్లను విడిగా గోనెల్లో వేసి, ఆనందపురం వైపు ఒక పూల తోట రైతుకు ఇస్తున్నాం. ఆయన ఎరువు గుంతలో వేసుకుంటారు. పుల్లలు ఉంటాయి కాబట్టి పశువులకు మాత్రం వేయొద్దని చెప్పాం.

చెరకు పిప్పి ప్లేటు గట్టిగా ఉంటుంది, తెల్లగా ఉంటుంది, బఫేకి సరిపోతుంది. పిప్పి అంటే ఎలాగూ పారేసేదే కదా అని అమ్మేవాళ్లు అంటారు. అనకాపల్లి బెల్లం గానుగల దగ్గర చూసినవాళ్లకు తెలుసు, పిప్పే పొయ్యికి వంటచెరకు. చక్కెర మిల్లుల్లో బాయిలర్లకూ అదే. ఇంకొకటి: నూనె పీల్చకుండా ఇలాంటి పీచు పాత్రలకు పీఫాస్ అనే రసాయనాలు వాడిన చరిత్ర ఉంది. అవి ప్రకృతిలో తొందరగా నశించవు. ఆహార ప్యాకింగ్‌లో నూనె ఆపే పీఫాస్ అమ్మకాలు తమ దేశంలో ఆగిపోయాయని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో ప్రకటించింది. మన దగ్గర కొనేటప్పుడు అది లేదన్న పరీక్ష కాగితం అడగాలి. నేను అడిగితే ఇద్దరు ముగ్గురు ఫోన్ పెట్టేశారు.

పోక (వక్క) చెట్టు ఆకుతో చేసే ప్లేట్లను ఇష్టపడేవాడిని, అందంగా ఉంటాయి. పోక ఆకు పాత్రల నుంచి ఆ చెట్టులోని ఆల్కలాయిడ్లు అనే, ఒంటికి హాని చేయగల సహజ రసాయనాలు తిండిలోకి దిగుతాయని ఎఫ్‌డీఏ 2025లో అక్కడి వ్యాపారులను హెచ్చరించాక ఆపేశాను. అరటి ఆకు దొరికిన రోజు దానికి సాటి లేదు, కానీ తుపాను గాలికి తోటలు పడిపోతే వారం పాటు ఆకు కనిపించదు.

ఇంతకీ ఏది మేలంటే నా లెక్క ఇది. కుళాయి నీళ్లు ఉండి, తోమే మనుషులకు సరైన కూలి ఇవ్వగలిగితే, రెండు వందల మంది లోపు స్టీలే. టేబుల్ భోజనం అయితే, లేదా నీళ్లు ట్యాంకర్‌తో వచ్చే చోటైతే, కుట్టిన విస్తరి. గ్లాసులు ఎప్పుడూ స్టీలువే, ఎందుకంటే అవి తోమడానికి కంచాలకు పట్టినన్ని నీళ్లు పట్టవు. చెరకు పిప్పి వేరే దారి లేని బఫేకే, అదీ పరీక్ష కాగితం చూశాక. పార్టీ వాళ్లు "మిగతా అందరూ పేపర్ ప్లేట్లే పెడుతున్నారు, మీకేం నష్టం?" అంటే, ఆ ఆర్డర్ వదులుకుంటున్నాను. ఇప్పటికి నాలుగు పోయాయి. బాధగానే ఉంది, ఇంటి అద్దె నెలనెలా కట్టాలి.

స్టీలు ఎంచుకున్న ప్రతి ఫంక్షన్‌కీ ఇప్పుడు బిల్లులో "తోమే కూలి" అని విడిగా ఒక లైను రాస్తున్నాను, అది ఎవరికి పోతుందో ఇచ్చేవాళ్లకు తెలియాలని. గొంతుక్కూచోకుండా నిలబడి తోముకునేలా నడుం ఎత్తు ఇనుప బల్ల చేయించి, పైన చిన్న షామియానా గుడ్డ కట్టిస్తున్నాను. ఎంగిలి ముందే డబ్బాలో దులిపేలా సర్వీస్ కుర్రాళ్లకు చెప్పడంతో మూడు డ్రములు రెండుకు దిగాయి. మొన్న ఒడుగు దగ్గర పిన్ని బల్ల ముందు నిలబడి, కాస్త ఎత్తు తగ్గించమంది. రేపు వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి కాళ్లు రెండంగుళాలు కోయించాలి.