సెలవు మీద వచ్చిన సైనికుడి కోసం: మారిస్‌టౌన్, స్ప్రింగ్‌ఫీల్డ్, వాషింగ్టన్ ప్రయాణం

తెనాలిలో ముప్పై ఏళ్ళు అచ్చాఫీసు నడిపి, ఆఫ్‌సెట్ వచ్చాక కాలితో తొక్కే అచ్చుయంత్రం ట్రెడిల్‌ను ఇనుము తూకానికి అమ్ముకున్నవాణ్ణి కనుక, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు నయాగరా సంగతి పక్కన పెట్టి పాత అచ్చు బొమ్మలు ఎక్కడ చూడవచ్చని నేను అడగడం ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు. ఏ బొమ్మలు చూడాలో నిర్ణయించింది మాత్రం మా ఆవిడ. ఆమె పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం; సైన్యంలో చేరినవారు అంత ఎక్కువ కనుక ఆ ఊరిని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. వాళ్ళ నాన్న ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి సెలవు మీద ఇంటికి వచ్చేవారు. అమెరికా అంతర్యుద్ధకాలపు పత్రికల్లో సైనికులు ఇళ్ళకు తిరిగి వచ్చే బొమ్మలు చాలా వేశారని అల్లుడు చెప్పగానే, "అయితే అవే చూద్దామండీ" అన్నది. అక్టోబరు నెలలో మూడు విడతలుగా చేసిన ఆ ప్రయాణాల అనుభవాలు ఇవి.

1861 నుంచి 1865 దాకా సాగిన ఆ యుద్ధంలో ఫొటోలు తీసేవారు ఉన్నారు గాని, ఫొటోను నేరుగా పత్రికలో అచ్చువేసే విధానం ఇంకా రాలేదు. అందువల్ల పాఠకుడి చేతికి వచ్చిన ప్రతి బొమ్మనూ ఒకరు గీయగా మరొకరు చెక్క మీద చెక్కవలసి వచ్చేది. 1857లో న్యూయార్క్‌లో మొదలైన హార్పర్స్ వీక్లీ యుద్ధకాలానికి లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయే స్థితికి చేరుకున్నది. మేము వెదికిన బొమ్మల్లో ఎక్కువ భాగం అందులోవే.

మొదటి ప్రయాణం మారిస్‌టౌన్‌కు. ఎడిసన్ నుంచి 287 రహదారి మీద ఉత్తరానికి వెళ్తే కారులో ముక్కాలు గంట పడుతుంది. దారిలోనే బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నది కనుక ఆదివారం ఉదయం దర్శనం చేసుకొని, అక్కడి క్యాంటీనులో పులిహోర, దోసెలు తిని బయలుదేరాము. మారిస్‌టౌన్‌లో శాకాహారానికి తిరగవలసిన శ్రమ ఈ ఏర్పాటుతో తప్పుతుంది. చూడవలసిన చోటు మెకల్లక్ హాల్ అనే ఇటుకల భవనం. మారిస్ కాలువకు రూపకల్పన చేసిన జార్జ్ మెకల్లక్ 1810లో దీని నిర్మాణం మొదలుపెట్టాడు. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఈ ఇంట్లో థామస్ నాస్ట్ అనే చిత్రకారుడి బొమ్మలు, చేతిగీతలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. నాస్ట్ 1840లో జర్మనీలోని లాండౌలో పుట్టి, ఆరేళ్ళ వయసులో న్యూయార్క్ చేరి, 1862 నుంచి హార్పర్స్ వీక్లీకి బొమ్మలు వేశాడు. ఈ రోజు మనం చూసే సాంటాక్లాజు రూపానికి చాలావరకు ఆయనే కారకుడు. ఆయన నివసించిన ఇల్లు విల్లా ఫొంటానా కూడా ఆ వీధిలోనే ఉన్నది గాని, అందులో ఎవరో కాపురం ఉంటున్నారు. బయటినుంచి చూసి రావడమే.

ఈ మ్యూజియానికి వెళ్ళదలచినవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వారంలో కొన్ని రోజులు, అదీ మధ్యాహ్నం వేళ మాత్రమే తెరుస్తారు. నాస్ట్ బొమ్మల ప్రదర్శన కూడా ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది కనుక, ఒకే ఒక బొమ్మ కోసం వెళ్ళేవారు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. మాకు గదులు చూపించిన పెద్దావిడ తొందరపెట్టకుండా, నా వచ్చీరాని ఇంగ్లీషును ఓపికగా విని, నేను అచ్చు పనివాణ్ణని తెలిశాక బొమ్మల కంటె చెక్కల గురించే ఎక్కువ మాట్లాడింది.

ఆ చెక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పనికి వాడే బాక్స్‌వుడ్ చెట్టు కాండం సన్నగా ఉంటుంది. అడ్డంగా కోస్తే చిన్న బిళ్ళలే వస్తాయి. పత్రికలో రెండు పేజీల బొమ్మ కావాలంటే అలాంటి బిళ్ళలను పక్కపక్కన పేర్చి, వెనకనుంచి బోల్టులతో బిగించి, ఆ పలక మీద బొమ్మను కుడిఎడమలు తారుమారుగా గీసేవారు. తరువాత బోల్టులు విప్పి ఒక్కొక్క బిళ్ళను ఒక్కొక్క చెక్కుడు పనివాడికి ఇచ్చేవారు. రాత్రంతా కూర్చొని ఒకరు సైనికుడి టోపీని, మరొకరు పిల్లవాడి కాలును, ఇంకొకరు ఉత్త ఆకాశాన్ని చెక్కితే, తెల్లవారేసరికి ముక్కలన్నీ మళ్ళీ ఒక చోట బిగిసేవి. బొమ్మలు అచ్చువేసే జింకు బ్లాకుల కోసం విజయవాడకు మనిషిని పంపి రెండు రోజులు ఎదురుచూసిన నాకు ఆ వేగం తలచుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

తిరుగుదారిలో ఒక పాత కాగితాల దుకాణంలో మాకు అసలు బొమ్మే దొరికింది. 1863 డిసెంబరు 26 నాటి హార్పర్స్ వీక్లీలో రెండు పేజీల నిండా నాస్ట్ వేసిన క్రిస్మస్ బొమ్మ అది. ఎడమవైపు పిల్లలు నిద్రపోతుండగా సాంటాక్లాజు వచ్చే రాత్రి, కుడివైపు కానుకలు తీసుకునే ఉదయం; నడుమ పెద్ద భాగంలో సెలవు మీద ఇల్లు చేరిన సైనికుడు భార్యను కౌగిలించుకొని ఉంటాడు, పిల్లలు అతన్ని చుట్టుకొని ఉంటారు. దీనికి ముందరి కథ అదే ఏడాది జనవరి 3 నాటి సంచికలో ఉన్నది: అందులో భార్య కిటికీ దగ్గర ప్రార్థిస్తూ ఒక వలయంలో, భర్త చలిమంట పక్కన ఇంటివాళ్ళ ఫొటోలు చూసుకుంటూ మరొక వలయంలో ఉంటారు. విడివిడిగా ఉన్న ఆ ఇద్దరినీ ఏడాది తిరిగేసరికి నాస్ట్ ఒకే చట్రంలోకి తెచ్చాడు. అప్పటికి ఆయన వయసు 23.

దుకాణదారు నలభై డాలర్లు అడిగాడు; బేరమాడకుండా ఇచ్చాను. గుడ్డపీలికలతో చేసిన కాగితం కనుక నూటఅరవై ఏళ్ళు గడిచినా విరగడం లేదు. మా అచ్చాఫీసులో వాడిన న్యూస్‌ప్రింట్ ఇరవై ఏళ్ళకే అప్పడమైపోయింది. భూతద్దం పెట్టి చూస్తే బిళ్ళలు అతికిన చోట వెంట్రుకంత తెల్లగీతలు కనిపిస్తాయి. పత్రికను నడిమికి మడిచి అమ్మేవారు గనుక, ఆ మడత సరిగ్గా మధ్యబొమ్మ మీదుగా, ఆ దంపతులున్న చోటనే పోయింది. అక్కడ కాగితం నలిగి, చిరిగి, ఎవరో వెనకనుంచి పలచని కాగితం అంటించారు. మా ఆవిడ మొదట చూసినది ఆ అతుకునే.

బొమ్మ కింద ఉన్న ఇంగ్లీషు మాటకు అర్థం "సెలవు" అని చెప్పాను. "మరి తిరిగి వచ్చినట్టు కాదుగా, మళ్ళీ వెళ్ళాలిగా" అన్నదామె. మన భాషలో ఇంటికి రావడానికీ సెలవే, ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు పుచ్చుకునేదీ సెలవే. ఆ బొమ్మ అచ్చయ్యే నాటికి యుద్ధం ముగియడానికి ఇంకా ఏడాదికి పైగా ఉన్నది.

రెండో ప్రయాణం మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు. ఎడిసన్ నుంచి మూడు గంటల దారి. అక్టోబరులో రెండువైపులా ఆకులు ఎర్రబారి ఉంటాయి కనుక ప్రయాణం భారమనిపించదు. ఇక్కడి మ్యూజియాలన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి, ఒకే టికెట్టు సరిపోతుంది. మా మనవడు పిల్లల పుస్తకాల బొమ్మల మ్యూజియంలో రెండు గంటలు కదలలేదు. నాకు కావలసినది డమోర్ లలితకళల మ్యూజియంలోని కరియర్ అండ్ ఐవ్స్ గది. నతానియెల్ కరియర్ 1830లలో న్యూయార్క్‌లో ప్రారంభించి, 1857లో జేమ్స్ ఐవ్స్‌ను భాగస్వామిగా చేర్చుకున్న ఈ సంస్థ 1907లో మూతపడేలోపు ఏడువేలకు పైగా లితో (రాతి అచ్చు) బొమ్మలు వేసింది. రాతి మీద నలుపులో అచ్చువేసి, పొడవాటి బల్లల చుట్టూ కూర్చోబెట్టిన ఆడవాళ్ళ చేత రంగులు అద్దించేవారు: ఒకామె నీలం, పక్కనామె ఎరుపు, ఆ పక్కనామె పచ్చ. చిన్న బొమ్మ వెల 20 సెంట్లు. శుభలేఖలు అచ్చయి రాగానే ఇంటి ఆడవాళ్ళు చాప మీద వరసగా కూర్చొని నాలుగు మూలలా పసుపు అద్దడం చూసినవారికి ఆ బల్ల ఎలా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. దగ్గరగా చూస్తే రంగు గీత దాటిన చోట్లు కనిపిస్తాయి. నాకు అవే నచ్చాయి.

బస విషయంలో మాత్రం పొరబాటు చేశాము. ఇరవై డాలర్లు కలిసివస్తాయని రహదారి పక్కన ఒక మోటెల్‌లో దిగితే, గదిలో సిగరెట్ కంపు, రాత్రంతా కటకటలాడే హీటరు, ఉదయం ఫలహారం పేరిట చల్లని బ్రెడ్డు. పసివాళ్ళు, పెద్దవాళ్ళు ఉన్నవారు కొంచెం ఎక్కువైనా మ్యూజియాలకు నడిచి వెళ్ళగలిగే చోట దిగడమే మేలు. మర్నాడు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం చూశాము. 1968లో మూతపడిన ఈ ప్రభుత్వ తుపాకుల కర్మాగారాన్ని ఇప్పుడు ఉచితంగా చూపిస్తున్నారు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం మోసిన 1861 నమూనా తుపాకుల్లో చాలా ఇక్కడ తయారైనవే. వాటిని నిలువుగా పేర్చిన పెద్ద చట్రం ముందు నిలబడినప్పుడు, ముందు రోజు చూసిన రంగుల బొమ్మలు మరీ తియ్యగా ఉన్నాయనిపించింది.

మూడోది వాషింగ్టన్. మెట్రోపార్క్ స్టేషనులో రైలెక్కితే మూడు గంటలు. నగరం నడిబొడ్డున గదులు మా అందుబాటులో లేవు. నది అవతల ఆర్లింగ్టన్‌లో మెట్రో స్టేషను పక్కన ఒక హోటల్లో రెండు రాత్రులు ఉన్నాము. ముందే వచ్చామని కసురుకోకుండా పదకొండింటికే గది ఇచ్చారు, గదిలో మైక్రోవేవ్ ఉన్నది, అమ్మాయి కట్టిచ్చిన చింతపండు పులుసు, అన్నం రెండు పూటలు గడిపాయి. క్యాపిటల్ సౌత్ స్టేషనులో దిగితే ఎదురుగానే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి మాడిసన్ భవనం. అక్కడ పాఠకుల కార్డు ఉచితంగా ఇస్తారు; బొమ్మల విభాగానికి ముందుగా సమయం తీసుకొని వెళ్ళాలి, సంచులు లాకరులో పెట్టాలి, రాసుకోవడానికి పెన్సిలే. డిజిటల్ నకలు ఉన్నవాటికి సాధారణంగా అదే చూపిస్తారు. కాగితాలు నలగకుండా ఉండాలంటే అంతకంటె దారి లేదు. ఆ నకళ్ళు ఇంట్లో కూర్చొని కూడా చూడవచ్చు కనుక, కేవలం బొమ్మలు చూడడానికే అయితే వాషింగ్టన్ వెళ్ళనవసరం లేదన్నది నా అభిప్రాయం. అడిగితే చెప్పే మనుషులు అక్కడ ఉన్నారు, అదొక్కటే అదనపు లాభం. నాకు అది చాలా పెద్ద లాభమే అయింది.

ఎందుకంటే ఆల్ఫ్రెడ్ వాడ్ బొమ్మ మా దృష్టికి వచ్చింది అలా అడగడం వల్లనే. లండన్‌లో పుట్టిన వాడ్ యుద్ధరంగంలోనే తిరుగుతూ పెన్సిలుతో బొమ్మలు గీసి పత్రికకు పంపేవాడు. ఆయన చేతిగీతలను బ్యాంకరు జె.పి. మోర్గన్ 1919లో ఈ గ్రంథాలయానికి విరాళంగా ఇచ్చాడు. అర్కాన్సాస్‌లోని లిటిల్ రాక్‌లో నల్లజాతి సైనికులు సైన్యం నుంచి విడుదలై, ఎదురువచ్చిన భార్యాపిల్లలను కలుసుకుంటున్న బొమ్మ వాటిలో ఒకటి; హార్పర్స్ వీక్లీలో 1866 మే 19న అచ్చయింది. రంగు కాగితం మీద పెన్సిలు గీతలు, వెలుతురు పడే చోట్ల తెల్లరంగు పూతలు. యుద్ధం ముగిసిన ఏడాదికి గాని వీళ్ళకు విడుదల రాలేదు. నాస్ట్ బొమ్మలో ఉన్న గది, కిటికీ, క్రిస్మస్ ఏవీ ఇక్కడ లేవు. ఆరుబయట, గుంపులో, ఎవరికి దొరికినవారిని వారు పట్టుకున్నారు. బానిసత్వంలో పెళ్ళికి చట్టం దృష్టిలో విలువే లేదు, యజమాని తలచుకుంటే మొగుణ్ణొక చోటికి పెళ్ళాన్నొక చోటికి అమ్మేవాడు. ఆ సంగతి తెలిసి చూస్తే ఇది సెలవు బొమ్మ కాదు.

మా ఆవిడ తెర ముందు చాలాసేపు కూర్చున్నది. "మా నాన్న కూడా గూడెం స్టేషన్లో ఉన్నంతసేపే మావాడు, ఇంటికి వచ్చేసరికి ఊరివాడైపోయేవాడు" అన్నది.

అదే రోజు కరియర్ అండ్ ఐవ్స్ వారి సైనికుల బొమ్మలు కూడా చూశాము. యుద్ధానికి బయలుదేరేవాడి బొమ్మ, యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాడి బొమ్మ 1861లోనే వేసి అమ్మారు, అంటే ఎవరూ సరిగా తిరిగి రాకముందే. మరుసటి ఏడాది సైనికుడి సమాధి బొమ్మ వచ్చింది: స్త్రీ ఒకామె సమాధి రాయిని ఆనుకొని ఏడుస్తుంటుంది, రాతి మీద పేరు, దళం, మరణించిన చోటు రాసుకోవడానికి ఖాళీలు విడిచిపెట్టారు. వధూవరుల పేర్ల చోట గీతలు వదిలి శుభలేఖలు ముందే వేసి అల్మరాలో నిల్వ ఉంచుకున్నవాణ్ణి నేను. ఆ ఖాళీల వ్యాపారం నాకు తెలుసు. అయినా ఆ బొమ్మ వైపు రెండోసారి చూడలేదు. విన్స్లో హోమర్ అనే చిత్రకారుడు వేయగా 1865 ఆగస్టులో అచ్చయిన బొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయాను: న్యూపోర్ట్ తీరంలో గుర్రపుబండి మీద ఒక జంట, అతని చొక్కాకు ఒక చెయ్యి ఖాళీ, పగ్గాలు ఆమె పట్టుకున్నది. తిరిగి వచ్చిన మర్నాటి నుంచి ఏమయిందో చెప్పిన బొమ్మ మేము చూసిన వాటిలో అదొక్కటే.

ఒక్క రోజే తీరిక ఉన్నవారికి మారిస్‌టౌన్ చాలు. పిల్లలుంటే స్ప్రింగ్‌ఫీల్డ్. కొన్న కాగితం మాత్రం ఇరవైరెండు అంగుళాల వెడల్పు ఉండి మా పెట్టెల్లో వేటిలోనూ పట్టలేదు. మళ్ళీ మడిస్తే పాత మడత దగ్గరే తెగుతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు, చుట్టనివ్వనూ లేదు. రెండు అట్టల నడుమ పెట్టి అమ్మాయి ఇంట్లోనే వదిలి వచ్చాము. డిసెంబరులో సెలవు దొరికితే తనే తెస్తానన్నది. ఇంకా మంజూరు కాలేదట.