ఆల్గాసోర్బ్: పాదరసాన్ని పట్టే నాచు రేణువులు

కఠిన జలంలో కొద్దిపాటి భారలోహం ఉంటే, దాన్ని తీయడానికి ఆల్గాసోర్బ్ నిజంగా మంచి సరుకు. న్యూమెక్సికో రాష్ట్రం లాస్ క్రూసెస్‌లోని బయో-రికవరీ సిస్టమ్స్ దీన్ని తయారుచేసింది. అసలు పదార్థం క్లోరెల్లా వల్గారిస్ అనే మంచినీటి పచ్చనాచు. బతికున్న నాచు కాదు, చనిపోయిన కణాలను సిలికా జెల్‌లో బిగించి చేసిన రేణువులు.

ఆ బిగించడంలోనే అసలు పనితనం ఉంది. క్లోరెల్లా కణం సైజు కొన్ని మైక్రాన్లే. ఎండుపొడిని నేరుగా కాలమ్‌లో (నీళ్లు పారించే నిలువు గొట్టంలో) పోస్తే తడిసి ముద్దకట్టి నీళ్లు దిగవు. పంపు ఒత్తిడి పెంచితే ఇంకా గట్టిపడుతుంది. పైగా సూక్ష్మజీవులు నాచును తినేస్తాయి. జెల్‌లో ఉంటే ఈ రెండు బాధలూ తప్పుతాయి.

లోహాన్ని పట్టేది కణం గోడ. పీహెచ్ 5 దగ్గర గోడలోని కార్బాక్సిల్ అనే ఆమ్ల సమూహాలు రుణావేశంతో ఉంటాయి కాబట్టి రాగి, సీసం, కాడ్మియం నిమిషాల్లో అతుక్కుంటాయి. పీహెచ్ 2కి దించితే, అంటే ఆమ్లత పెంచితే, హైడ్రోజన్ అయాన్లు ఆ చోట్లలో చేరి లోహాన్ని బయటికి తోస్తాయి. అందుకే యాసిడ్‌తో కడిగి రేణువులను మళ్లీ వాడొచ్చు. పాదరసం మాత్రం యాసిడ్‌కు అంత తేలిగ్గా వదలదు, దానికి సోడియం థయోసల్ఫేట్ కావాలి.

1989లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కార్యక్రమం కింద కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో, పాదరసం కలిసిన భూగర్భజలంపై దీన్ని పరీక్షించారు. శుద్ధయిన నీటిలో పాదరసం లీటరుకు 10 మైక్రోగ్రాముల పరిమితి కిందికి వచ్చింది. మామూలు అయాన్ మార్పిడి రెజిన్‌ను (నీటిలోని అయాన్లను పట్టే ప్లాస్టిక్ పూసలను) కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం త్వరగా నింపేస్తాయి. నాచు వాటిని పెద్దగా పట్టించుకోదు. నా దృష్టిలో దీని అసలు విలువ ఇదే.

వాడేటప్పుడు జాగ్రత్తలు తప్పవు. బురద, నూనె ముందే వడకట్టాలి. నీటిలో ఈడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) గానీ సయనైడ్ గానీ ఉంటే అవి లోహాన్ని తమతో కట్టేసుకుంటాయి, నాచుకు అందనివ్వవు. ఘాటు క్షారంతో కడిగితే సిలికాయే కరిగిపోతుంది. రెండు కాలమ్‌లు వరసగా పెట్టండి. మొదటిది నిండాక జారిన లోహాన్ని రెండోది పడుతుంది.

ఇలాంటి రేణువులు ఎవరు అమ్మినా ముందు మీ నీటితోనే చూడండి. రెండు బీకర్లలో 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోసి, రెండింటి పీహెచ్ 5కి తేవాలి. ఒకదానిలోనే 0.1 గ్రాము రేణువులు వేసి, రెండింటినీ అరగంట కలపాలి. మధ్యలో పీహెచ్ మారితే సరిచేయాలి. తర్వాత 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి ల్యాబ్‌కు పంపండి. రేణువులు వేయని బీకర్‌లోనూ లోహం తగ్గిందంటే అది అవక్షేపమై ఫిల్టర్‌లో ఆగిందన్నమాట, ఆ తగ్గుదలను నాచు ఖాతాలో వేయకూడదు.

నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లకు మాత్రం దీన్ని కొనకండి. ఫ్లోరైడ్‌దీ రుణావేశమే, కార్బాక్సిల్ దాన్ని పట్టదు. ఇంకొకటి, కడిగిన ద్రావణంలో లోహమంతా చిక్కగా చేరుతుంది. దాన్ని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటు లేకపోతే కాలమ్ మొదలుపెట్టొద్దు.