కిందకు దించిన పాత పద్మిని: ముందు ఇంజనా, కమాన్లా?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ కోసం కారు ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి "ఇంజన్ ఏది వేశారు?" అని అడుగుతారు. పాతదే అంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది. పాత కార్లు ఉన్నవాళ్లయితే ఇంకో ప్రశ్న వేస్తారు: "నా దగ్గర ఉన్నది లక్ష. దానితో ఇంజన్ మార్చుకోనా, కింద స్ప్రింగులు, కమాన్ల పని చేయించుకోనా?" ఈ ఏడాదిలో ఇది ఎంతమంది అడిగారో లెక్క పెట్టలేదు. ఆ లక్ష నేనూ ఖర్చుపెట్టాను, మొదట కొంత తప్పుగా, తర్వాత సరిగ్గా. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

నాది 1994 ప్రీమియర్ పద్మిని కారు, ఏపీ 24 నంబరు, నాన్న కొన్నది. 1089 సీసీ ఇంజన్, నలభై హార్స్‌పవర్‌కు అటూఇటూ. ముందు చుట్ట స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు (వంచిన ఉక్కు పట్టీల కట్ట), నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. నాన్న ఊరెళ్లిన వారంలో దాన్ని కిందకు దించాను, అంటే బాడీ నేలకు దగ్గరయ్యేలా చేయించాను. తిరిగొచ్చి చూసి ఆయన అన్నది ఒకే మాట: "దీనికి ఏం జబ్బు చేసింది?"

ముందు ఇంజన్ పక్షాన చెప్పాల్సింది చెబుతాను. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి, లారీని దాటుదామని యాక్సిలేటర్ తొక్కితే పద్మిని ఆలోచించుకుని గానీ కదలదు. ఆ క్షణంలో ఎవరికైనా ఇంజన్ మార్చాలనే అనిపిస్తుంది. తెలిసినవాళ్లు చూసేవి రెండు. ఒకటి ప్రీమియర్ 118ఎన్ఈ నుంచి తీసిన 1171 సీసీ నిస్సాన్ ఏ12, దాని గేరుబాక్సుతో సహా. అదే కంపెనీ కారు కాబట్టి పాత మేస్త్రీలకు చెయ్యి తిరిగిన పని. ఇప్పుడు మంచి స్థితిలో దొరకడమే కష్టం. రెండోది మారుతి జిప్సీ 1298 సీసీ ఇంజన్. జిప్సీలో ఇంజన్ బండి పొడవు వెంట ఉంటుంది, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు అంటుకుని కాకుండా వేరుగా ఉంటుంది. అందుకని ఇంజన్, గేరుబాక్సు రెండూ తెచ్చి వెనక చక్రాలకు కలపవచ్చు. ఇంజెక్షన్ రకమైతే 80 హార్స్‌పవర్. అంటే ఉన్నదానికి రెట్టింపు.

ఆశ పుట్టించే అంకెలే. కానీ సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ధర దగ్గరే ఖర్చు ఆగదు. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్లు కొత్తగా చేయించాలి, వెనక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి కొలత సరిచేయించాలి, రేడియేటర్ పెద్దది కావాలి, సైలెన్సర్ పైపు మార్చాలి. ఇంజెక్షన్ ఇంజనైతే ఇంధన పంపు, వైరింగ్ అదనం. మేలో మన ఎండలకు పాత రేడియేటర్ చేతులెత్తేస్తుంది. లక్షతో మొదలుపెట్టినవాళ్లు సగం పనిలో కారును షెడ్డులో వదిలేసి రెండో లక్ష కోసం తిరగడం నేను రెండు చోట్ల చూశాను.

చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే రకం ఇంజన్ వేసుకోవాలన్నా రవాణా అధికారుల అనుమతి కావాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అప్పుడు ఆర్‌సీలోని ఇంజన్ నంబరుకూ బ్లాకు మీది నంబరుకూ పొంతన చూస్తారు. దించడం కూడా మార్పే కదా అంటే, అవును. కాకపోతే స్ప్రింగును ఒక్క పూటలో పాత ఎత్తుకు తేవచ్చు. బాడీకి వెల్డింగ్ చేసిన మౌంట్లను అంత తేలిగ్గా వెనక్కి తీయలేం.

ఇక నా దృష్టిలో తీర్పు చెప్పే అంశం. కారు ఎంత కిందకు దిగిందని అందరూ కొలుస్తారు. దిగాక చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగిలిందో ఎవరూ కొలవరు. ఇరుసు పైకి లేచి, దాన్ని అడ్డుకునే రబ్బరు ముక్కకు, అంటే బంప్ రబ్బరుకు, తగలడానికి మొదట మూడు అంగుళాల చోటు ఉందనుకుందాం. ఒకటిన్నర అంగుళం దించితే మిగిలేది ఒకటిన్నర. స్ప్రింగు ఎంత దెబ్బను దాచుకోగలదన్నది అది నొక్కుకునే దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. దూరం సగమైతే దాచుకునే శక్తి పావుకు పడిపోతుంది. అదే గతుకును రబ్బరుకు తగలకుండా దాటాలంటే స్ప్రింగు నాలుగు రెట్లు బిగువు కావాలి. నాలుగు రెట్లు!

నేను చేసినది ముందు చుట్టలు కోయించడం. ఎనిమిది చుట్ల స్ప్రింగులో ఒకటిన్నర కోస్తే బిగువు పెరిగేది 23 శాతమే. కావలసింది నాలుగింతలు, వచ్చింది ఒకటింపావు కూడా కాదు. వెనక ఇంకా ఘనకార్యం: ఆరు పట్టీల్లో రెండు తీయించాను. కారు దిగింది, నిజమే, కానీ పట్టీలు తగ్గితే బిగువు కూడా దాదాపు మూడోవంతు తగ్గుతుంది. దించిన కారుకు గట్టి కమాన్లు కావాలి, నేను మెత్తవి ఇచ్చాను. గ్యాస్ మంటతో స్ప్రింగును వేడిచేసి కూర్చోబెట్టేవాళ్ల గురించి మాట్లాడను. ఉక్కు పదును పోయిన స్ప్రింగు ఎప్పుడు విరుగుతుందో దానికే తెలియాలి.

ఫలితం దేవరకొండ రోడ్డులో తెలిసింది. యాసంగి వరి కోతల రోజులు, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చారు. కారులో నలుగురం. వడ్లను తప్పించడానికి పక్కకు తీస్తే తారు అంచు దిగింది, మళ్లీ ఎక్కేటప్పుడు వెనక ఇరుసు బాడీని సుత్తితో కొట్టినట్టు కొట్టింది. కాస్త ముందు వడ్లు ఎత్తేశారు గానీ రాళ్లు ఎత్తలేదు. వాటిలో ఒకటి సైలెన్సర్‌ను పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నా కింద 80 హార్స్‌పవర్ ఉండి ఉంటే ఆ రాయిని ఇంకా వేగంగా తగిలేవాణ్ణి, అంతే తేడా.

సరైన దారి దొరికింది మిర్యాలగూడలో. బియ్యం మిల్లులున్న ఊరికి లారీలు వస్తాయి, లారీలున్న ఊళ్లో కమాన్ పనివాళ్లు ఉంటారు. మేస్త్రీ నా పట్టీలు చూసి నవ్వి, తీసేసిన రెండూ తిరిగి వేయించాడు. పైన ఇంకో పట్టీ కలిపి, మొత్తం కట్ట వంపును వేడిచేయకుండానే సుత్తితో కొట్టి తగ్గించాడు. కారు కిందే ఉంది, బిగువు మాత్రం పెరిగింది. ఇరుసు కింద కమాను ఉండే కార్లలో మధ్యన ఇనుప బ్లాకు పెట్టీ దించవచ్చు. చవకైన పద్ధతే, అంగుళం వరకు ఫరవాలేదు. అంతకు మించితే ఇంజన్ లాగినప్పుడు ఇరుసు మెలితిరగడానికి ఆ బ్లాకు మీటలా పనిచేస్తుంది. ముందుకు కొత్త స్ప్రింగులు మందమైన తీగతో చేయించాను. దించిన ఎత్తుకు సరిపడే పొట్టి షాకబ్సార్బర్లు వేయించాను. పాతవే ఉంచితే షాకబ్సార్బర్ ఎప్పుడూ అడుగుకు దగ్గరగానే పనిచేయాల్సి వస్తుంది. చివరగా బుష్‌లు, కింగ్ పిన్లు, బ్రేకు లైనింగులు, వీల్ అలైన్‌మెంట్. దించిన కారులో ముందు చక్రాలు పైభాగంలో లోపలికి వాలతాయి, అది సరిచూడకపోతే టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. మొత్తం 52 వేలు అయింది.

మిగతాదానితో సొంత ఇంజన్‌కే రీబోరు, కొత్త పిస్టన్లు, వాల్వుల పని, కార్బురేటర్ శుభ్రం. హార్స్‌పవర్ పెరగలేదు, పోగొట్టుకున్నది తిరిగొచ్చింది. లారీని దాటేటప్పుడు ఇప్పుడూ ఆలోచిస్తుంది, కాస్త తొందరగా ఆలోచిస్తుంది.

నా మాటకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది. మహబూబ్‌నగర్‌లో ఒక మిత్రుడి అంబాసిడర్. దానికి ముందు చుట్ట స్ప్రింగుకు బదులు టార్షన్ బార్, అంటే మెలితిరిగే ఉక్కు కడ్డీ, ఉంటుంది, కడ్డీని పళ్ల మీద ఒక మెట్టు తిప్పి బిగిస్తే ముందుభాగం దిగుతుంది. కోత లేదు, వెల్డింగ్ లేదు. అతను ముందు ఇంజన్‌కే పెట్టాడు: 1489 సీసీ తీసి 1817 సీసీ ఇసుజు. హిందుస్థాన్ మోటార్స్ తానే తర్వాతి అంబాసిడర్లలో ఇచ్చిన ఇంజన్ కాబట్టి అన్నీ అమరాయి. అతని తిరుగుడంతా జడ్చర్ల దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీదే. అలాంటి రోడ్డు, అలాంటి ఇంజన్ దొరికితే అతను చేసింది తప్పనను. అయినా మక్తల్ వైపు పెళ్లికి వెళ్లాల్సి వస్తే వేరే కారు తీస్తాడు, అడిగితే మాట మారుస్తాడు.

మిగతావి క్లుప్తంగా. ఎయిర్ సస్పెన్షన్‌కు లక్షలో మాట లేదు. విదేశీ కార్ల కాయిలోవర్లను (స్ప్రింగు, షాకబ్సార్బర్ ఒకటిగా ఉండేవి) కోసి అతికించడం మన గతుకులకు ఆగదు. పద్మినిలోనే డీజిల్ రకమైన 137డీ లోని 1366 సీసీ డీజిల్ ఇంజన్ వేద్దామంటే ముక్కు బరువెక్కి ముందు స్ప్రింగులు మళ్లీ కుంగుతాయి. ఏ ఇంజన్ వేసినా, కారును ఆపాల్సినవి ఆ పాత డ్రమ్ బ్రేకులేనని మరచిపోవద్దు.

ఏది ముందో మీ కారునే అడగండి. గట్టిగా కలిపిన చపాతీ పిండిని నిమ్మకాయంత ముద్ద చేసి, నాలుగు బంప్ రబ్బర్ల మీదా అతికించండి. నలుగురిని ఎక్కించుకుని మీ ఊరి స్పీడ్ బ్రేకర్లున్న దారిలో రోజూ వెళ్లే వేగంతోనే పోయి రండి. ముద్ద రొట్టెలా పరుచుకుంటే లక్ష కిందే పెట్టాలి. వేలి మందం మిగిలితే ఇంజన్ గురించి మాట్లాడుకోవచ్చు. నాకు మొదటిసారి వెనక రెండు ముద్దలూ అసలు కనపడలేదు. మిర్యాలగూడ పని తర్వాత వేలి మందానికి కాస్త తక్కువ మిగిలింది, ముందు ఎడమవైపు ఇంకా తక్కువ. ఆ స్ప్రింగు మళ్లీ చూడాలి.