లెయోవిల్ బార్టన్ 2005: సీసా మంచిదే, పగవాడు మన ఎండ

నల్లగొండలో ఏ చౌరస్తాకు పోయినా 'వైన్స్' అని బోర్డు కనిపిస్తది. లోపల అమ్మేది మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు. ఇరవై ఏండ్లు ముదిరిన ఫ్రెంచ్ రెడ్ వైన్ ఈ దిక్కు వస్తే విదేశాల నుంచి వచ్చే బిడ్డలో, అల్లుండ్లో తెచ్చే పెట్టెలోనే రావాలె. సుంకం లేకుండ మనిషికి 2 లీటర్లే వదులుతరు కాబట్టి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పడతయి, మూడోది పట్టదు. ఆ రెండిట్లో ఒకటి ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరువడ్డ బోర్డో ప్రాంతందే కావాలనుకుంటే లెయోవిల్ బార్టన్ 2005, అంటే ఆ తోటల 2005లో పండిన ద్రాక్షతోటి చేసిన రెడ్ వైన్, తెమ్మనొచ్చు.

ఈ తోటది బోర్డోలో మెడోక్ అనే దిక్కున్న సాన్ జూలియాన్ ఊరు. లెయోవిల్ ఒకప్పుడు ఒకటే పెద్ద జాగీరు. ఫ్రెంచ్ విప్లవం తర్వాత పాలుపంపకాలై లాస్ కాజ్, పోయ్‌ఫెరే, బార్టన్ అని మూడు ముక్కలైంది. 1826లో ఐర్లండ్ మూలాలున్న హ్యూ బార్టన్ తన ముక్క కొన్నడు. ఇప్పటికీ అది ఆ ఇంటోళ్ల చేతిలోనే ఉంది, బోర్డోలో ఇది చిన్న సంగతి కాదు. ఇంకో విశేషం, లేబుల్ మీద కనిపించే భవనం లెయోవిల్‌ది కానే కాదు. అది పక్కనున్న లాంగ్వా బార్టన్ కోట, అదీ వీళ్లదే. లెయోవిల్ బార్టన్‌కు సొంత కోట లేకపోవడంతో దాని వైన్ కూడా అక్కడే తయారయ్యేది. 1855లో బోర్డో వైన్‌లను ఐదు తరగతులుగ పేర్చిన వర్గీకరణలో దీనికి రెండో తరగతి దక్కింది. 1983 నుంచి తోట చూసుకున్న ఆంథోనీ బార్టన్ 2022లో పోయిండు. పక్క తోటలు ధర ఆకాశానికి ఎత్తినప్పుడు కూడా ఆయన ధరను అదుపుల పెట్టిండని వైన్ కొనేటోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటరు.

నేల సంగతి చెల్క దున్నినోళ్లకు తొందరగా అర్థమైతది. పైన గులకరాళ్లు, కింద మట్టి. వాన నీళ్లు నిలవవు, వేర్లు లోతుకు పోతయి, పగలు కాగిన రాళ్లు రాత్రి తీగకు వేడి ఇస్తయి. అక్కడ ఎక్కువ పండే ద్రాక్ష రకం కాబెర్నే సోవిన్యో, తర్వాత మెర్లో, కొంచెం కాబెర్నే ఫ్రాన్. మన దిక్కు పందిర్ల మీద చూసిన అనాబ్-ఎ-షాహీ లెక్క నీళ్లు నిండిన గుత్తి కాదు కాబెర్నే. కాయ చిన్నది, తోలు మందం, గింజలు గట్టివి. రంగు, వగరు తోలులోంచే వస్తయి. 2005లో వానలు తక్కువ పడి కాయ ఇంకా చిన్నగైంది, రసానికి తోలు పాలు పెరిగింది. ఆ యేటి వైన్‌లకు వగరు ఎక్కువుండడానికి కారణం అదే. రసం పులిసినంక 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర దాక ఉంటది.

గ్లాసు వంచి చూస్తే నడుమ ముదురు ఎరుపు, అంచున ఇటుక రంగు. వాసనలో ముందు నేరేడు పండు, తర్వాత చెక్కిన పెన్సిల్, చుట్ట పొగాకు, కొత్త తోలు చెప్పు. గాలి తగిలేకొద్ది తొలకరికి తడిసిన నేల వాసన లేస్తది. నోట్లో పులుపు నిటారుగ ఉంది, తీపి లేదు. వగరు కరక్కాయ లెక్క చిగుళ్లను పట్టదు గానీ, ఇరవై ఏండ్లు దాటినా పూర్తిగా లొంగలేదు. మింగినంక రుచి చాలాసేపు నిలుస్తది. మెత్తగ, తియ్యగ పోయే వైన్ కావాలనుకునేటోళ్లకు ఇది నచ్చదు. అందులో వైన్ తప్పేం లేదు.

అసలు చిక్కు మన ఇంట్లో మొదలైతది. దీన్ని 12 నుంచి 14 డిగ్రీల మధ్య ఉంచాలె. మే నెలలో 44 డిగ్రీలు కొట్టే ఊర్లో అల్మారాలో పెడితే వైన్ ఉబ్బి బిరడాను పైకి తోస్తది, రాత్రి చల్లబడి గాలి లోపలికి గుంజుకుంటది. వారాల మీద ఉడికిన జామ్ వాసన వస్తది, ఇగ అది బాగుపడదు. వైన్ కూలర్ లేకుంటే కొన్ని నెలల మట్టుకు మామూలు ఫ్రిజ్ అడుగు అరలో పండబెట్టుడే మేలు. ఏండ్ల తరబడి ఫ్రిజ్‌లో పెడితే బిరడా ఎండిపోతది. సీసా చేతికి రాంగనే వెలుగుకు పట్టి మట్టం చూడాలె. వైన్ మెడ అడుగు దాక ఉంటే ఫికరు లేదు, భుజం సగానికి దిగితే అనుమానమే. మూతి రేకు బంకగ అంటుకున్నా కారిందేమో చూసుకోవాలె.

తెరిచే ముందు రెండు రోజులు నిలబెట్టాలె, మడ్డి అడుక్కు దిగుతది. పాత బిరడా మామూలు స్క్రూకు ముక్కలైతది. రెండు సన్న రేకులుండి రెండు పక్కల నుంచి దిగే పీకుడు సామాను నయం. విరిగితే గంజి లేని శుభ్రమైన బట్టలో వడకట్టొచ్చు. మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టి, ఆగకుండ నెమ్మదిగ గాజు జాడీలోకి వంపాలె. మడ్డి భుజం దాక రాంగనే ఆపాలె. కింద మిగిలిన గుక్కెడు కోసం ఆశపడితే జాడీ అంతా మసకే. 2005కు రెండు గంటల గాలి కావాలె. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, ఎంత గాలి ఇచ్చినా పోదు.

'గది వేడి' అని పుస్తకాల్లో రాసింది ఫ్రాన్స్ గది, మనది కాదు. 17 డిగ్రీల దగ్గర పొయ్యాలె. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా ఎండకాలం తొందరగనే ఆడికి వస్తది. జాడీలో కాగిపోతే ఐసు నీళ్లలో పది నిమిషాలు చాలు.

తోడుగ నాటుకోడి పులుసు వద్దు. కారం, మసాలా కలిసి వగరును చేదు చేస్తయి, సారా మంట లేపుతయి. కొవ్వు అంచున్న మేక పక్కటెముకలు ఉప్పు, మిరియాలతోటి నిప్పుల మీద కాలిస్తే సరిగ్గా కుదురుతది. ఉప్పు, మాంసం, కొవ్వు కలిసి వగరును అణుస్తయి, అప్పుడు నేరేడు రుచి ముందుకొస్తది. జొన్న రొట్టె పక్కకుంటే అడ్డం రాదు, పచ్చిపులుసు మాత్రం ఆ పూటకు పక్కన పెట్టాలె.

సీసా సగం మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి తెల్లారి సాయంత్రానికి ముగించాలె. మూడో రోజుకు పొగాకు, నేరేడు పోయి పులుపే మిగులుతది.