గుజరాతీ గల్లీలో "వైట్ లేజర్" కొనబోతున్నవాళ్లు కాస్త ఆగండి

కోఠిలో మెట్లెక్కి వెళ్లే ఆ లైట్ల షాపు ఫంక్షన్లకి లైట్లు కట్టే మన ఫీల్డులో అందరికీ తెలిసిందే, పేరు రాయను. పోయిన బుధవారం అక్కడ 3 వాట్ల వైట్ లేజర్, అంటే తెర మీద తెల్లటి వెలుగుతో పేర్లు వేసే మిషన్, కొన్నా. 38 వేలు. శుక్రవారం సంగీత్ ఉంది, తొందరలో ఉన్నా, అదే నా ఖర్మ.

"ఒకటే డయోడ్ సార్, ప్యూర్ వైట్" అన్నాడు షాపువాడు. డయోడ్ అంటే లేజర్ వెలుగు పుట్టే చిన్న ముక్క. ఆరడుగుల దూరంలో గోడ మీద వేసి చూపిస్తే పాలచుక్కలా ఉంది. తలూపేశా. పదేళ్లుగా లైట్లు కడుతున్న బుర్ర ఆరోజు ఇంట్లో మర్చిపోయినట్టున్నా. ఒకే ముక్కలోంచి తెల్ల లేజర్ పుట్టించి చూపించాం అని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2015లో చెప్పుకున్నారు, అదీ ల్యాబ్‌లో. మనవాడు దాన్ని అట్టపెట్టెలో పెట్టి అమ్మేస్తున్నాడు!

హాల్లో 20 మీటర్ల అవతల తెర మీద పెళ్లికూతురి పేరు వేశా. మూడు పేర్లొచ్చాయి. ఎర్రది కిందకి జారింది, నీలం పక్కకి పోయింది. అరగంటకి మిషన్ వేడెక్కి ఎరుపు నీరసించింది, తెలుపనుకున్నది కాస్తా నీలిపచ్చగా తిరిగింది. పిల్ల మేనమామ వచ్చి "త్రీడీ కళ్లద్దాలు పంచుతావా బాబూ?" అన్నాడు.

ఫోన్ చేస్తే "మూత తీసి అద్దాల స్క్రూలు కొంచెం తిప్పండి సార్, సెట్ అయిపోతుంది" అన్నాడు. అద్దాలేంటి, ఒకటే డయోడ్ అన్నావుగా! తెరిస్తే 638 నానోమీటర్ల ఎరుపు, 520 ఆకుపచ్చ, 450 నీలం, మూడు డయోడ్లు కూర్చునున్నాయి, మూడూ కలిస్తేనే ఆ తెలుపు. మూడింటినీ ఒకే గీతలోకి తేవాల్సిన డైక్రోయిక్ అద్దాలకి (ఒక రంగుని పోనిచ్చి ఇంకో రంగుని తిప్పేవి) స్క్రూల్లేవు, గ్లూ గన్ జిగురు. వేడికి అది మెత్తబడదా? కిరణం ఒక్క మిల్లీరేడియన్, అంటే డిగ్రీలో దాదాపు పదిహేడో వంతు, వాలినా 20 మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆరడుగుల్లో ఎలా కనపడుతుంది మరి, అందుకే కదా ఆ గోడ.

శనివారం పట్టుకెళ్లా. నా మొహం కూడా చూళ్లేదు. పెట్టె వెనక్కి తిప్పి, చిరిగిన స్టిక్కర్ మీద వేలు పెట్టి "సీల్ పోయింది సార్, వారంటీ లేదు" అన్నాడు.

"నువ్వే కదయ్యా తియ్యమంది?"

"రికార్డింగ్ ఉందా?"

నవ్వాడండీ. నవ్వి, నా పక్కన నిలబడ్డ ఇంకో కుర్రాడికి అదే గోడ మీద అదే తెల్లచుక్క చూపించడం మొదలుపెట్టాడు. 38 వేలు పోయినందుకు కాదు, ఆ నవ్వుకి నాకింకా నిద్ర పట్టట్లేదు. ఆ కుర్రాడికి అప్పుడే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు.

కొనేముందు షాపు బయట గల్లీ చివరి గోడ మీద వేయించండి, జనం కళ్లకి తగలకుండా, రాత్రి షాపు మూసే వేళకి. అరగంట ఆపకుండా నడిపించండి. ఎరుపు ఎన్ని మిల్లీవాట్లో విడిగా అడగండి, దాన్ని మన కన్ను ఆకుపచ్చలో నాలుగోవంతే పట్టించుకుంటుంది, అందుకే తెలుపుకి ఎరుపు ఎక్కువ కావాలి, వీళ్లు డబ్బు మిగిల్చుకునేది అక్కడే. బిల్లు తీసుకోండి. నేను తీసుకోలేదు, జీఎస్టీ మిగిలిందని ఇంటికొచ్చి మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నా.